రెండోసారి చదివించాకే వేషం: ఒక ఔత్సాహిక నాటక సమాజంలో ఆడిషన్

విశాఖపట్నంలో పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలు వేసుకునే ఒక సమాజానికి గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకాన్ని రెండుంపావు గంటలకు కుదించి దర్శకత్వం చేశాను. ఆ నాటకానికి నటుల్ని ఎలా ఎంచుకున్నామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ప్రదర్శన బాగుందో లేదో చూసినవాళ్లు చెప్పాలి. నేను చెప్పాలనుకున్నది అంతకు ముందు జరిగిన పని గురించి. మన సమాజాల్లో వేషాలు పంచుకోవడం ఉంది కానీ ఆడిషన్ పెట్టడం అరుదు. సీనియారిటీ, చందా, పాత స్నేహం, ఈ మూడూ చూసుకుని పాత్రలు రాసేస్తాం. దానివల్ల బయట ఎంతమంది నటులు మనకు తెలియకుండా ఉండిపోతున్నారో ఈ ఒక్క నాటకంతో నాకు అర్థమైంది.

సమాజం సంగతి

బ్యాంకులు, పోర్టు, స్టీల్ ప్లాంట్, రైల్వే ఉద్యోగులు పదిహేను ఇరవై మంది కలిసి నడుపుకుంటున్న సమాజం అది. ఎక్కువగా పరిషత్తులు, అంటే నాటక సంస్థలు, పెట్టే పోటీలకు నాటికలు తయారు చేసేవాళ్లు. గంట నిడివి, ఐదారు పాత్రలు, ఒకే సెట్టు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన దగ్గర్నుంచీ మన నాటకరంగం చాలావరకు ఈ పరిషత్తుల మీదే బతికింది. దాని మేలు దానిది. ఎన్నో ఊళ్లలో నాటకం ఆగిపోకుండా చూసింది అదే. కానీ నాటిక రాసే మనిషి సమాజంలోనే ఉంటాడు, ఉన్న నటుల్ని చూసుకునే పాత్రలు రాస్తాడు. ఆడిషన్ అవసరమే రాదు.

కన్యాశుల్కం దగ్గర ఆ పద్ధతి సాగదు. అగ్నిహోత్రావధాన్లు డబ్బుకు ఆశపడి చిన్న కూతుర్ని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోతే, ఆ పెళ్లి ఆపడానికి బావమరిది కరటకశాస్త్రి తన శిష్యుణ్ణి ఆడపిల్లగా చూపి ముసలాయనకు కట్టబెట్టే కథ అది. పక్కన గిరీశం, అవధాన్ల కొడుకు వెంకటేశానికి చదువు చెప్పే వంకతో, వాడి విధవ అక్క బుచ్చమ్మకు గాలం వేస్తుంటాడు. రామప్పపంతులు మధురవాణిని ఉంచుకున్న పెళ్లిళ్ల మధ్యవర్తి. మా కుదింపులోనే పద్నాలుగు పాత్రలు. అందులో మధురవాణి, బుచ్చమ్మ, మీనాక్షి, వెంకమ్మ, పూటకూళ్లమ్మ ఆడవాళ్లు. గిరీశం కుర్రవాడు. వెంకటేశం, శిష్యుడు ఇంకా చిన్నవాళ్లు. సమాజంలో నటించేవాళ్లలో ఎక్కువమంది యాభై దాటిన మగవాళ్లు.

ఇంకో ఇబ్బంది, ఈ నాటకం అందరికీ తెలుసు. 1892 ఆగస్టు 13న విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదువుతున్నది గురజాడ మళ్లీ పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన ఏడంకాల నాటకం. ఉన్నదున్నట్టు ఆడితే రాత్రి గడిచిపోతుంది. పేకాట రంగం తీసేసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. గురజాడ 1915లో పోయారు కాబట్టి హక్కుల పేచీ ఏమీ లేదు, ఎవరైనా ఆడుకోవచ్చు, కుదించుకోవచ్చు. పేచీ అంతా జ్ఞాపకాలతోనే. 1955 నాటి సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి, సీఎస్సార్ రామప్పపంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. స్టేజీ మీద జె.వి. రమణమూర్తి గిరీశాన్నీ, జె.వి. సోమయాజులు రామప్పపంతుల్నీ చూసినవాళ్లు మా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. ఆడిషన్‌కు వచ్చే మనిషి తన వెంట వీళ్లలో ఒకరిని తెచ్చుకుంటాడని ముందే అనుకున్నాను. అలాగే జరిగింది.

ప్రకటన, ఫారం

కమిటీలో మొదట ఒప్పుకోలేదు. బయటివాళ్లను పిలిస్తే మనవాళ్లు నొచ్చుకుంటారన్నారు. మనవాళ్లు కూడా అదే రోజు, అదే హాల్లో, అందరితోపాటు చదవాలన్నాను. ఆ షరతు మీదే దర్శకత్వం ఒప్పుకున్నాను.

ప్రకటన వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాం. రెండు కాలేజీలకు, గ్రంథాలయానికి కాగితం ప్రతులు ఇచ్చాం. అందులో నటన గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. రిహార్సల్ ఎక్కడ, ఏ వారాల్లో, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ప్రదర్శన ఎప్పుడు, డబ్బులు ఇవ్వలేమని, రాత్రి ఆలస్యమైతే ఆడవాళ్లను ఇంటి దగ్గర దించే బాధ్యత సమాజానిదని, ఇంట్లోవాళ్లు తోడు వస్తే కూర్చోవడానికి చోటుంటుందని రాశాం. చివర ఒక వాక్యం: ముందుగా ఏదీ బట్టీ పట్టి రావక్కర్లేదు, చదవాల్సింది అక్కడే ఇస్తాం.

వచ్చినవాళ్లకు ముందు ఒక ఫారం. పేరు, ఉండే చోటు, ఉద్యోగం, షిఫ్టులు, ఆ రెండు నెలల్లో రాలేని రోజులు. ఊళ్లో పెళ్లిళ్లు, పరీక్షలు, ఇన్‌స్పెక్షన్లు, అయ్యప్ప దీక్ష, అన్నీ రాయమన్నాం. కోరుకున్న పాత్ర రాకపోతే వేరేది చేస్తారా? ఏ పాత్రా రాకపోతే తెర వెనక పనిచేస్తారా? ఈ రెండు ప్రశ్నలకు జవాబులే తర్వాత మమ్మల్ని కాపాడాయి. అనుభవం గురించి ఒక్క గడి పెట్టాం. దాన్ని చదువు అయిపోయాకే చూడాలని ముగ్గురం అనుకున్నాం. కప్పులు, ప్రశంసాపత్రాలు ముందే చూస్తే చెవి సరిగా పనిచేయదు.

ముగ్గురం అంటే నేను, సమాజంలో ఎప్పుడూ లైటింగ్ చూసే ఆయన, ఒక తెలుగు టీచరమ్మ. ఆవిడ నటి కాదు, కానీ 1909 ప్రతి అంతా ఆవిడకు కంఠతా వచ్చు. మార్కులు వేయొద్దనుకున్నాం. పదికి ఏడు అంటే ఏమిటో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ప్రతి మనిషి దగ్గరా మూడు విషయాలు మాటల్లో రాశాం: ఆఖరి వరసకు వినబడుతున్నాడా, ఎదుటివాడు మాట్లాడుతుంటే ఏం చేస్తున్నాడు, సూచన ఇచ్చాక ఏం మారింది.

హాల్లో

స్కూలు హాలు, ఆదివారం పొద్దున. ఫ్యాన్లు ఆపలేదు, మైకు పెట్టలేదు. వేలాడే మైకు కింద నిలబడి డైలాగ్ చెప్పే అలవాటు మన నటుల్లో ఎంత పాతుకుపోయిందో, మైకు లేని హాల్లోనే తెలుస్తుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, కాళ్లు కదపలేక అక్కడే ఉండిపోయేవాళ్లు చాలామంది. టీచరమ్మ ఆఖరి బెంచీలో కూర్చున్నారు. వినబడకపోతే చెయ్యెత్తడమే ఆవిడ పని.

నలభై మంది దాకా వచ్చారు. అందర్నీ ముందు గుండ్రంగా కూర్చోబెట్టి మొదటి అంకంలోంచి కొంత తలా ఒక వాక్యం చొప్పున చదివించాం. ఇది పరీక్ష కాదని చెప్పాం. నిజంగానే దాన్ని ఎక్కడా రాసుకోలేదు. టెన్షన్ తగ్గడానికి, పాత వాడుక భాష నోటికి తగలడానికి అంతే. ఈ భాషలో వాక్యం ఎక్కడ విరగాలో పట్టుకోవడం కష్టం. చూసి చదివితే కొత్తగా ఉంటుంది, పైకి అంటే మన అమ్మమ్మల మాటలా ఉంటుంది.

తర్వాత జంటలుగా పిలిచాం. ఒంటరిగా ఎవరినీ చదివించలేదు. దీని మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ఏకపాత్రాభినయం వేరే కళ, దానికి దాని గొప్పతనం ఉంది. నాటకంలో మనిషి ఎదుటివాడి మాటకు కదలాలి. నాలుగు ముక్కలు ఎంచి జిరాక్సు తీసి ఉంచాం: గిరీశం వెంకటేశాన్ని మాటల్లో పెట్టే తొలి ఘట్టం, మధురవాణి రామప్పపంతుల్ని ఆడించే చోటు, గిరీశం బుచ్చమ్మకు విధవావివాహం గురించి చుట్టుతిప్పి చెప్పే చోటు, లుబ్ధావధాన్లు పెళ్లి ఖర్చు లెక్కలు. కాగితం ఇచ్చి పావుగంట బయట కూర్చోమన్నాం. పిలిచాక ఒకసారి చదవడం. ఆ తర్వాత నేను ఒక్క సూచన ఇస్తాను. వెంటనే రెండోసారి చదవడం.

అసలు పని అంతా ఆ రెండో చదువులో ఉంది. మొదటి చదువులో మనిషి ఇంటి నుంచి తెచ్చుకున్నది వినిపిస్తుంది: సినిమా, యూట్యూబ్, తమ ఊళ్లో చూసిన నాటకం, లేదా భయం. అది బాగుంటే బాగున్నట్టే, కానీ అది అయిపోయిన పని. రాబోయే రెండు నెలలూ నేనేం చేస్తాను? రోజూ ఏదో ఒకటి చెబుతాను, వాళ్లు దాన్ని చేసి చూస్తారు. ఆడిషన్‌లో చూడాల్సింది ఆ పనినే.

సూచన ఎలా ఇవ్వాలన్నదీ ముఖ్యమే. "ఇంకొంచెం కోపంగా", "ఇంకా ఫీల్ అయి" అంటే గొంతు పెరుగుతుంది, ఇంకేమీ జరగదు. చేయాల్సిన పని చెప్పాలి. వెంకటేశం లేచి వెళ్లిపోబోతున్నాడు, వాణ్ణి గుమ్మం దాటనివ్వకండి. పంతులు మీ మాట నమ్మాడో లేదో ప్రతి వాక్యానికీ చూసుకోండి. ఇలాంటివి. మంచివాడికైనా మామూలువాడికైనా సూచన ఇచ్చి తీరాలి. బాగా చదివాడని వదిలేస్తే వాడి గురించి మనకేమీ తెలియనట్టే.

గిరీశం

గిరీశానికి పది మందికి పైగా చదివారు. వాళ్లలో సమాజాన్ని స్థాపించిన పెద్దాయన ఒకరు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్నారు. గిరీశం వేషం ఆయన చాలా ఏళ్ల కిందట వేశారు. మొత్తం పోర్షన్ ఇప్పటికీ నోటికొచ్చు. మొదటి చదువులో కాగితం చూడలేదు. గొంతు హాలంతా నిండింది, టీచరమ్మ చెయ్యెత్తే పని పడలేదు. హాల్లో చప్పట్లు కొట్టారు కూడా.

"బాబాయ్ గారూ, వెంకటేశం మీ మాట వినకుండా వెళ్లిపోతున్నాడనుకోండి, వాణ్ణి ఆపండి" అన్నాను. రెండోసారి చదివారు. అదే లయ, అదే విరుపు, అవే చోట్ల అదే నవ్వు. ఎదురుగా ఉన్న కుర్రాడు నా మాట విని నిజంగానే లేచి రెండడుగులు వేశాడు. పెద్దాయన ఆ కుర్రాడు వదిలేసిన కుర్చీ వైపే తిరిగి డైలాగ్ పూర్తి చేశారు.

ఆయన మంచి నటుడు కాదని నేనెప్పుడూ అనను. ఆ పాత్ర ఆయనలో గట్టిపడిపోయింది, అంతే. ఇరవై ఏళ్ల పక్కింటి కుర్రవాడిలా మాట్లాడాల్సిన గిరీశం ఆయన నోట ఒక ప్రసిద్ధ గిరీశంలా వచ్చాడు. చూసేవాళ్లకు ఆనందంగానే ఉంటుంది. కానీ గిరీశం ప్రమాదం తెలియాలంటే వెంకటేశంతోపాటు మనం కూడా అతణ్ణి నమ్మాలి.

వేషం చివరికి ఎంఏ చదువుతున్న ఒక కుర్రాడికి వచ్చింది. మొదటి చదువులో అతను బాగా లేడు. ఎన్టీఆర్‌ను అనుకరిస్తూ మొదలుపెట్టి మధ్యలో అదీ వదిలేశాడు. "మోసం చేస్తున్నానని గిరీశానికి గుర్తే లేదు, తను చెప్పేదంతా నిజమని అతనికి గట్టి నమ్మకం. అలా చదువు" అన్నాను. కాసేపు కాగితం వైపు చూశాడు. రెండోసారి మాట నెమ్మదైంది. వెంకటేశం భుజం మీద చెయ్యి వేశాడు, ఎవరూ చెప్పలేదు. ఎదుటి కుర్రాడు నవ్వితే తనూ నవ్వేసి, ఆ నవ్వులోంచే తర్వాతి వాక్యానికి వెళ్లాడు. మా ముగ్గురి కాగితాల్లోనూ "మారాడు" అన్న మాట ఉంది.

పెద్దాయన్ని అదే రోజు మధ్యాహ్నం మధురవాణికి ఎదురుగా రామప్పపంతులుగా చదవమని అడిగాను. మొదట ఇష్టపడలేదు. ఈ పోర్షన్ ఆయనకు నోటికి రాదు కాబట్టి కాగితం చూడాలి, ఎదుటి మనిషి ఏమంటున్నదో వినాలి. అక్కడ ఆయన వేరే నటుడైపోయారు. మధురవాణి తనను ఆటపట్టిస్తోందా, పొగుడుతోందా తేల్చుకోలేక ఆగే ఆ ఆగడం నేను నేర్పగలిగింది కాదు. రామప్పపంతులు ఆయనకే రాశాం.

మధురవాణి

ఇక్కడే కమిటీతో అసలు వాదన. పరిషత్తు నాటకాల్లో లేడీ ఆర్టిస్టుల్ని పారితోషికం ఇచ్చి పిలవడం చాలా సమాజాలకు అలవాటు. ఒక్కొక్కరు ఒకే సీజన్‌లో నాలుగైదు సమాజాలకు చేస్తారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. రెండు మూడు రిహార్సల్స్‌లో పాత్ర పట్టేసి, కొత్త ఊళ్లో, తెలియని మనుషుల మధ్య స్టేజీ ఎక్కి నాటకాన్ని నిలబెడతారు. ఆ నైపుణ్యం మామూలు విషయం కాదు. వాళ్లకు రావలసిన గుర్తింపూ రాలేదు. అయితే మధురవాణి నాటకం మొత్తానికి ఇరుసు. రామప్పపంతులుతో, కరటకశాస్త్రితో, చివర సౌజన్యారావు పంతులుతో ఆమె ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఎదుటి నటులతో రెండు నెలలు కూర్చోకుండా అది రాదు. అందుకని స్థానికంగానే వెతుకుదామన్నాను.

వచ్చిన ఆడవాళ్లు తక్కువ. అందులో మధురవాణి కావాలని ఫారంలో రాసినది ఒక్కరే, కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి. మిగతావాళ్లు బుచ్చమ్మ అనో, మీనాక్షి అనో, ఏదైనా అనో రాశారు. వేశ్య పాత్ర అంటే ఇంట్లో ఏమంటారోనన్న జంకు ఇప్పటికీ ఉంది. 1892లో ఆడవేషాలు మగవాళ్లే కట్టారు. తర్వాత కూడా స్థానం నరసింహారావు లాంటి మహానటుడు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకున్నారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పట్టుబట్టారు. ఆయన పోయింది 1946లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక అమ్మాయి ఫారంలో ఆ గడి నింపడానికి పెన్ను పట్టుకుని ఆగిపోతోంది. అందుకే కోరుకున్న పాత్రతో సంబంధం లేకుండా వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ మధురవాణి ముక్క చదివించాం.

నాట్యం నేర్చుకున్న అమ్మాయికి నిలబడటం, చూపు, చేతి కదలిక అన్నీ అద్భుతంగా ఉన్నాయి. కానీ ప్రతి వాక్యానికీ ఒక అభినయం ఇస్తోంది. "ఈసారి చేతులు వాడకు, పంతులు నీ మాట నమ్మాడా లేదా అదొక్కటే చూడు" అన్నాను. చేతులు ఆగాయి, మాట కూడా ఆగింది. ఆ అమ్మాయిని వదులుకోలేదు. బుచ్చమ్మకు ఇదే పని నెమ్మదిగా చేయించవచ్చనిపించింది.

మీనాక్షి కావాలని వచ్చిన ఒక నర్సు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. గొంతు చిన్నది, టీచరమ్మ రెండుసార్లు చెయ్యెత్తారు. కానీ చదువుతున్నంతసేపూ ఆవిడ కళ్లు కాగితం మీద కన్నా రామప్పపంతులు మీదే ఎక్కువ ఉన్నాయి. సూచన ఇచ్చాను: "ఇతను మీకు కోపం తెప్పిస్తున్నాడు, కానీ ఇతను వెళ్లిపోతే మీకే నష్టం." రెండోసారి చదివినప్పుడు వాక్యం చివర చిన్నగా నవ్వారు. ఆ నవ్వుకు పెద్దాయన మొహం మారిపోయింది. లైటింగ్ ఆయన నా వైపు తిరిగి తల ఊపారు.

గొంతు చిన్నదన్న అభ్యంతరం వచ్చింది. న్యాయమైనదే. గొంతును రెండు నెలల్లో పెంచవచ్చు, వినే గుణాన్ని పెంచడం నాకు చేతకాదు అన్నాను. రోజూ రిహార్సల్‌కు ముందు ఖాళీ హాల్లో ఆ చివర నిలబడి ఈ చివరి మనిషితో మామూలు కబుర్లు చెప్పే సాధన పెట్టాం. అరవకుండా, ఊపిరితో. ప్రదర్శన నాటికి సరిపోయింది.

చదవలేనివాడు

లుబ్ధావధాన్లుకు వచ్చినవాళ్లలో పోర్టులో కళాసీగా చేసి మానేసిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. చిన్నప్పుడు ఊళ్లో భజనలు, వీధి భాగవతం చూశాడట. కాగితం అందుకుని కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. మూడో వాక్యానికి చెమటలు పట్టాయి. "ఒగ్గీండి మాస్టారూ, నానొల్ల" అని కాగితం తిరిగివ్వబోయాడు.

చూసి చదవడంలో వేగం వేరు, నటన వేరు. ఈ రెండూ కలిపి చూడటం వల్ల ఆడిషన్లలో చాలామందికి అన్యాయం జరుగుతుంది. కాగితం తీసేసుకుని టీచరమ్మను పక్కన కూర్చోబెట్టాం. ఆవిడ వాక్యం చెప్పడం, ఆయన అనడం. రెండు మూడు వాక్యాలకు ఒకసారి చొప్పున అలా సాగింది. పెళ్లి ఖర్చు లెక్కల దగ్గరకు వచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అంకెకూ ప్రాణం పోతున్నట్టు ఆగుతున్నాడు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. "నవ్వించొద్దు, ఆ డబ్బు మీ ఇంట్లోంచే పోతోందనుకోండి" అన్నాను. ఈసారి లెక్క మధ్యలో ఆపి గోడ వైపు తిరిగాడు. నవ్వు ఇంకా పెరిగింది, అందులో కొంచెం జాలి కూడా కలిసింది. లుబ్ధావధాన్లంటే నాకు తెలిసినంతలో అదే.

వేదం చదువుకున్న మనిషి పలుకు ఈయనకు ఎలా వస్తుందని అడిగారు. అవధాన్లు అన్న పేరుకు తగ్గ ఉచ్చారణ కావాల్సిందే. టీచరమ్మ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆయన మనవరాలు ఫోన్లో పోర్షన్ మొత్తం రికార్డు చేసి ఇచ్చింది. అందరికన్నా ముందు డైలాగులు వచ్చేసింది ఆయనకే.

యాస గురించి ఒక మాట. మా దగ్గరకు గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి కూడా వచ్చారు. ఉత్తరాంధ్ర మాట తనకు రాదని మొహమాటపడ్డారు. ఆయన్ని కరటకశాస్త్రికి తీసుకున్నాం. నాటకంలో కరటకశాస్త్రి గుంటూరు శాస్త్రులుగా వేషం మార్చుకుని రామచంద్రపురం అగ్రహారానికి వస్తాడు. ఆ రంగాల్లో ఆయన సొంత మాటే సరిపోయింది. మిగతా రంగాలకే ఇక్కడి పలుకు నేర్చుకున్నారు. యాస రాదని ఎవరినీ గుమ్మం దగ్గరే ఆపేయకూడదని నేను అనడానికి ఇదొక కారణం.

శిష్యుడు

ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లుకు పెళ్లాంగా వెళ్లే శిష్యుడికి పిల్లలు కొందరు చదివారు. దాదాపు అందరూ నడుం తిప్పుతూ, గొంతు సన్నం చేస్తూ మొదలుపెట్టారు. తప్పు వాళ్లది కాదు. మగవాడు ఆడవేషం వేస్తే వెక్కిరింపుగానే ఉండాలని సినిమా కామెడీ నేర్పింది. నేను అందరికీ ఒకే సూచన ఇచ్చాను: నువ్వు దొరికిపోకూడదు. దొరికితే తంతారు. ఎంత తక్కువ చేస్తే అంత క్షేమం. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు రెండో చదువులో తల వంచుకుని, గొంతు మార్చకుండా, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి ఊరుకున్నాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం కళ్లెత్తి అవధాన్లు చూస్తున్నాడో లేదో చూశాడు. వాడికి వేషం ఖాయం చేయడానికి చర్చే జరగలేదు. వాళ్ల నాన్నగారితో మాత్రం చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది, స్కూలు పరీక్షల తేదీల గురించి.

చెప్పడం

ఎంపిక అయ్యాక జాబితా గ్రూపులో పెట్టేయడం సులువు. అలా చేయలేదు. నాలుగు రోజుల్లో అందరికీ ఫోన్ చేశాం, వేషం రానివాళ్లకే ముందు. నలభై ఫోన్లు ముగ్గురం పంచుకున్నాం. పెద్దాయన ఇంటికి మాత్రం నేనే వెళ్లాను. "గిరీశం ఆ కుర్రాడా?" అని అడిగారు. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రామప్పపంతులు మొదటి ప్రవేశం ఎప్పుడో అడిగారు.

వేషం రానివాళ్లకు ఏం చెప్పాలి? "మీరు బాగా చేశారు కానీ" అని మొదలుపెడితే ఆ తర్వాత ఏం చెప్పినా అబద్ధంగా వినిపిస్తుంది. మేం రాసుకున్నది చదివి వినిపించాం. మొదటి చదువు ఇలా ఉంది, సూచన ఇది, రెండోసారి ఇది మారింది, ఇది మారలేదు. కొందరు నొచ్చుకున్నారు. చాలామంది మాత్రం ఇంతవరకు తమ నటన గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నారు. తెర వెనక పనిచేస్తామని ఫారంలో రాసినవాళ్లకు అప్పుడే పని అప్పగించాం. డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి ప్రాంప్టింగ్, అంటే నటులు మర్చిపోయిన డైలాగులు పక్కనుంచి అందించే పని, తీసుకుంది. ఒకాయన సామగ్రి బాధ్యత తీసుకున్నాడు, ముఖ్యంగా కంటె, అంటే మధురవాణి మెడలో నగ. కథంతా ఆ కంటె చుట్టూ తిరుగుతుంది కాబట్టి అది ప్రతి రిహార్సల్‌లో ఉండాలి.

ఆడిషన్ చెప్పలేనివి

మంచి పద్యం పాడి, బాగా చదివి, హెడ్ కానిస్టేబుల్ వేషం తీసుకున్న ఒకాయన రెండో వారం నుంచి రావడం మానేశారు. ఫారంలో రాలేని రోజులు ఒక్కటీ రాయలేదు. రోజూ కుదురుతుందని రాసేవాళ్ల గురించి నాకిప్పుడు జాగ్రత్త పెరిగింది. నాలుగు తేదీలు కొట్టేసి ఇచ్చినవాళ్లు ఆ నాలుగు తప్ప అన్ని రోజులూ వచ్చారు. ఆయన వేషాన్ని అగ్నిహోత్రావధాన్లు వేస్తున్న ఆయనే గెటప్ మార్చుకుని లాక్కొచ్చారు.

నెలన్నర గడిచాక బుచ్చమ్మ వేసే అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. కానీ గిరీశం పక్కన నిలబడేవాళ్లు లేరు. ప్రాంప్టింగ్ చేస్తున్న అమ్మాయికి అప్పటికి నాటకం మొత్తం వచ్చేసింది. ఆడిషన్ రోజు మా కాగితాల్లో ఆమె పేరు ఎదుట "చాలా తక్కువ వినబడుతోంది, కానీ రెండోసారి పూర్తిగా మారింది" అని ఉంది. ఆ కాగితం చూసుకున్నాకే ఆమెను అడిగాను. నర్సుగారు చేసే ఊపిరి సాధనలోనే ఈమెనూ చేర్చాం.

ఆడిషన్‌కు వెళ్లేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, ఏం తయారుచేసుకుని రావాలని. నాటకం మొత్తం చదివి రండి, మీ పాత్ర డైలాగులు మాత్రం బట్టీ పట్టకండి. సినిమా చూసి ఉంటే సరే, మళ్లీ చూడకండి. దర్శకుడు సూచన ఇస్తే అర్థం కాకపోతే అడగండి. అడగడం తక్కువతనం కాదు. ఆ సూచన తప్పనిపించినా ఒకసారి చేసి చూపించి తర్వాత మాట్లాడండి. మీ వంతు అయిపోయాక కూడా కూర్చుని మిగతావాళ్లను చూడండి. మధ్యాహ్నం వేరే పాత్రకు జంటగా ఎవర్నైనా పిలవాల్సి వస్తే హాల్లో ఉన్నవాళ్లనే పిలుస్తాం. రామప్పపంతులు వేషం అలాగే ఖాయమైంది.

ఒక్క చిక్కు మాత్రం ఇంకా తీరలేదు. ఆడవాళ్ల కోసం రిహార్సల్స్ సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి ఆపాం. దాంతో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ ఉండే బి షిఫ్టువాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఫారం నింపకుండానే వెనక్కి వెళ్లిపోయారు. ప్రకటనలో టైము చూసి హాలు దాకా రానివాళ్లు ఇంకెందరో. వచ్చే నాటకానికి ఆదివారం పొద్దున, బుధవారం సాయంత్రం పెట్టి, మిగతా రోజుల్లో ఇద్దరిద్దరు ఎవరి వీలును బట్టి వాళ్ల ఇళ్లలోనే పోర్షన్ చదువుకునేలా చేద్దామని కమిటీలో అనుకుంటున్నాం. స్కూలు వాళ్లు ఆదివారాలు హాలు ఇస్తామన్నారు, బుధవారం మాట ఇంకా తేలలేదు.